2009 బొలెరో క్యాంపర్: క్యాబిన్ లోపలి పనులన్నీ సొంతంగా చేసుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

మామిడితోట (నూజివీడు)

అందరికీ నమస్కారం. సంక్రాంతికి ముందు ఒక 2009 బొలెరో క్యాంపర్ కొన్నాను. నాలుగు తలుపుల డబుల్ క్యాబిన్, వెనక తొట్టి. ఇంజను బాగుంది. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది, నల్లపొగ లేదు. కాంట్రాక్టు పనుల సైట్లలో తిరిగిన బండి కావడంతో లోపల మాత్రం చూడలేకపోతున్నాను. డ్రైవరు సీటు ఫోము అణిగిపోయి స్ప్రింగులు తొడలకు గుచ్చుకుంటున్నాయి. డ్యాష్‌బోర్డు నిండా పగుళ్లు. ఎడమ వెనక తలుపు అద్దం సగంలో ఆగిపోతుంది. హెడ్‌లైట్లు మసకగా వెలుగుతాయి. క్యాబిన్‌లో ఎప్పుడూ తడి వాసన.

నేలకు కొత్త వినైల్ మ్యాటు, సీట్లకు ఫోము, రెక్సిన్, పైకప్పుకు కొత్త గుడ్డ, ఒక మ్యూజిక్ సిస్టం, ముందు రెండు ఎల్‌ఈడీ లైట్లు వేయాలని ఉంది. తోటలో షెడ్డు ఉంది. ఆర్క్ వెల్డింగ్ మెషీను, గ్రైండర్, డ్రిల్లు, పానాల సెట్టు ఉన్నాయి. ఏప్రిల్‌లో కాయ కోత ఊపందుకునేలోపు బండి సిద్ధం కావాలి. పిల్లలు కూడా ఇందులో తిరుగుతారు కాబట్టి పైపై మెరుగులు వద్దు, పని గట్టిగా ఉండాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

రెడ్ ఆక్సైడ్ (విజయవాడ ఆటోనగర్)

కొత్త మ్యాటు ఇప్పుడే కొనకండి. ముందు పాత మ్యాటు పూర్తిగా తీసి ఫొటోలు పెట్టండి. ముందు సీట్లు, తలుపుల దగ్గరి ప్లాస్టిక్ పట్టీలు, సీటుబెల్టుల కింది బోల్టులు విప్పితే మ్యాటు ఒకే ముక్కగా లేచి వస్తుంది. ఆ ముక్కను పారేయకండి, కొత్తది కత్తిరించడానికి అదే కొలత.

తడి వాసన ఉందంటే మ్యాటు కింద నీళ్లు నిలుస్తున్నట్టే. మ్యాటు కింద ఉండే ఫెల్టు తాగిన నీటిని నెలల తరబడి వదలదు. పైన మ్యాటు, కింద రేకు, మధ్యలో తడి. నేను టింకరింగ్ పనిలో చూసిన పాత పికప్పులలో ఎక్కువ వాటికి నేల పోయేది ఇలాగే. కింద రోడ్డు నీళ్లు తగిలి కాదు, లోపలి నుంచే పోతుంది.

మామిడితోట

మీరు చెప్పినట్టే ఉంది. ఫెల్టు పిండితే నీళ్లు కారాయి. డ్రైవరు కాళ్ల దగ్గర అరచేయంత మేర రేకు పొరలు పొరలుగా లేచింది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే రెండు చోట్ల కిందికి దిగింది. ఎడమ పక్కన పైపై తుప్పు మాత్రమే. వెనక సీటు కింద రేకు శుభ్రంగా ఉంది.

రెడ్ ఆక్సైడ్

వెనక బాగుండి ముందు పోయిందంటే నీళ్లు ముందు అద్దం నుంచో తలుపుల నుంచో వస్తున్నాయి. తుప్పు జోలికి వెళ్లే ముందు ఆ దారి పట్టుకోవాలి.

ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చిలైటుతో కూర్చోవాలి, ఒకరు బయట గొట్టంతో నీళ్లు పోయాలి. గొట్టానికి నాజిల్ పెట్టి బలంగా కొట్టకండి, వానలా సన్నగా పారనివ్వండి. కింది నుంచి పైకి రావాలి. మొదట తలుపుల అడుగు, తర్వాత అద్దం కింద వైపర్లు ఉండే గుంట, తర్వాత అద్దం కింది మూలలు, చివరికి పైకప్పు అంచు. ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్ని చోట్లకూ జారి అసలు దారి ఏదో తెలియదు. అనుమానం ఉన్న చోట లోపల టాల్కం పౌడరు చల్లండి, చుక్క జారిన గీత స్పష్టంగా కనిపిస్తుంది.

గేరు రాడ్ (కర్నూలు)

హీటరు గొట్టాలు కూడా చూడండి. రేడియేటరులో పోసే కూలెంటు లోపల కారితే నేల మీది తడి కాస్త జిగటగా, తియ్యటి వాసనతో ఉంటుంది. వాననీరు అలా ఉండదు. వానే లేని రోజుల్లో కూడా తడి పెరుగుతుంటే మొదట అనుమానించాల్సింది అదే.

మామిడితోట

పరీక్ష చేశాం. తడికి జిగట లేదు. దారులు రెండు దొరికాయి. ముందు అద్దం కుడి కింది మూలలో రబ్బరు బీడింగు గట్టిపడి పగిలింది, అక్కడి నుంచి సన్నటి ధార. రెండోది డ్రైవరు తలుపు. డోర్ ప్యాడ్ ఊడదీస్తే లోపల ఉండాల్సిన ప్లాస్టిక్ కాగితం చిరిగి వేలాడుతోంది. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో పూడిపోయాయి.

రెడ్ ఆక్సైడ్

తలుపులోకి నీళ్లు రావడం సహజం. అద్దం పక్కనున్న ఫెల్టు గుండా కొంత ఎప్పుడూ దిగుతుంది. ఆ నీళ్లు అడుగు రంధ్రాల గుండా బయటికి పోయేలా తలుపును తయారు చేస్తారు. ప్లాస్టిక్ కాగితం పని ఆ నీటిని ప్యాడ్ వైపు రానివ్వకుండా తలుపు లోపలికే మళ్లించడం. చాలామంది స్పీకర్లు బిగించేటప్పుడు దాన్ని చింపి అలాగే వదిలేస్తారు. గ్రీన్‌హౌస్ షీటు లాంటి మందపాటి పాలిథీన్ కొలతకు కత్తిరించి, చుట్టూ బ్యూటైల్ టేపుతో (జిగటగా ఉండే రబ్బరు టేపు) అతికించండి. కింది అంచు తలుపు లోపలి గాడిలోకి దిగాలి, బయట వేలాడకూడదు. మూసుకున్న రంధ్రాలను తీగతో పొడిచి తెరవండి.

అద్దం బీడింగు కొత్తది వేయించండి. ఆ అద్దం ఒక్కటి మాత్రం పనివాళ్లకు వదిలేయండి, పగిలితే దాని ఖర్చు బీడింగుకు ఎన్నో రెట్లు. ఇంకో ముఖ్యమైన మాట: బాత్‌రూముల్లో వాడే, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఎక్కడా పెట్టకండి. అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, ఇనుప రేకుకు దానివల్లే తుప్పు మొదలవుతుంది. రేకు అతుకుల మీద పాలీయురేథేన్ సీలెంటు వాడండి.

మామిడితోట

చిల్లులు పడ్డ చోట నేనే ముక్క వేసి వెల్డింగు చేయవచ్చా? ట్రాలీలు, గేట్లు చేసిన అనుభవం ఉంది.

రెడ్ ఆక్సైడ్

గేటు వేరు, క్యాబిన్ నేల వేరు. నేల రేకు ఒక మిల్లీమీటరు అటూఇటూ మందం. మామూలు ఆర్క్ రాడ్డు తగిలిస్తే చిల్లు పెద్దదవుతుంది. దీనికి సీఓటూ వెల్డింగు (రాడ్డుకు బదులు తీగ, గ్యాసుతో చేసేది) కావాలి, సన్నటి తీగతో చుక్కలు చుక్కలుగా, ఒక చుక్క ఇక్కడ వేస్తే తర్వాతది దూరంగా వేస్తూ పోవాలి. ఒకే గీతగా లాగితే రేకు వేడెక్కి వంకర పోతుంది.

మీరు చేయగలిగింది చాలా ఉంది. తీగ బ్రష్షు బిగించిన గ్రైండరుతో లేచిన పొరలన్నీ పోగొట్టండి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. చిల్లుల చుట్టూ గట్టి రేకు తగిలేవరకు కోసేయండి. పుచ్చిన అంచుకు వెల్డింగు పట్టదు. ఒరిజినల్ మందానికి దగ్గరగా 18 లేదా 20 గేజి రేకు ముక్క కోసి, వంచి, సరిపోయేలా తయారుగా ఉంచండి. అప్పుడు వెల్డరుకు మిగిలేది కాసేపటి పనే, మీ డబ్బూ మిగులుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు రెండూ తీసేయండి. కింద పడుకుని ఆ రేకు వెనక ఏముందో చూడండి. బ్రేకు పైపు, డీజిల్ పైపు, వైర్లు ఏవి దగ్గరగా ఉన్నా పక్కకు తప్పించాలి. పక్కన ఒక మనిషి నీళ్ల బకెట్టు, మంటలార్పే సిలిండరుతో నిలబడాలి.

చిల్లు లేని చోట ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ పూయండి. మిగిలిన పలచని తుప్పును అది ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. పొరలుగా ఉన్న తుప్పు మీద పూస్తే ప్రయోజనం లేదు, కింద కొరుకుడు సాగుతూనే ఉంటుంది. తర్వాత ఎపాక్సీ ప్రైమరు, అతుకులకు సీలెంటు, పైన పెయింటు.

పాత లారీ (రాజమహేంద్రవరం)

ఇంత ఖర్చు అవసరమా? మేము ఏటా వానాకాలం ముందు వాడేసిన ఇంజన్ ఆయిలులో కాస్త డీజిల్ కలిపి బండి అడుగంతా కొట్టిస్తాం. మా నాన్నగారి కాలం నుంచీ అదే పద్ధతి. మా బళ్లకు తుప్పు లేదు.

రెడ్ ఆక్సైడ్

అన్నా, లారీ ఛాసిస్ మందపాటి ఇనుము, దానికి ఆ నూనె కొంత పనిచేస్తుంది, కాదనను. ఈ బండికి వద్దు. నూనె తగిలిన రబ్బరు బుష్షులు, ఇంజను మౌంటింగులు ఉబ్బి మెత్తబడతాయి. బ్రేకు డ్రమ్ములోకి చుక్క వెళ్లినా లైనర్లు జారతాయి. వాడేసిన నూనెలో ఉండే మలినాలు చర్మానికి మంచివి కావు, మామిడి చెట్ల కింద నిలబెట్టే బండి నుంచి అది మట్టిలోకి కారుతుంది. డబ్బా ఆకారంలో మూసుకున్న భాగాల్లోకి మైనంతో చేసిన యాంటీ రస్ట్ స్ప్రే సన్నటి గొట్టంతో కొట్టిస్తే చాలు. నల్లటి తారు కోటింగు తడి రేకు మీద ఎప్పుడూ వేయకూడదు. తేమ దాని కింద చిక్కుకుంటుంది, తుప్పు కంటికి కనిపించకుండా పెరుగుతుంది.

పాత లారీ

బ్రేకు డ్రమ్ముల మాట నిజమే. మేము చక్రాలకు గోనెసంచులు కట్టి కొట్టిస్తాం. ఇలాంటి చిన్న బండికి మైనం సంగతి నేనూ ఆలోచిస్తాను.

ఫ్యూజు (హైదరాబాద్)

కరెంటు పని గురించి రాస్తాను. పాత పికప్పుల్లో మంటలకు కారణం ఎక్కువగా తర్వాత కలిపిన వైర్లే, అందుకే కాస్త వివరంగా.

కొత్తవి ఏవీ బిగించకముందు మల్టీమీటరు (వోల్టులు, కరెంటు కొలిచేది) పట్టుకోండి. ఇంజను ఆపి కొన్ని గంటలు వదిలేశాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య. ఇప్పుడు హెడ్‌లైట్లు వేసి, బల్బు హోల్డరు దగ్గర కొలవండి. బ్యాటరీ దగ్గర 14 ఉండి బల్బు దగ్గర 12 మాత్రమే ఉందనుకోండి, లైటు మసకబారడానికి కారణం బల్బు కాదు. బల్బుకు అందే వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. చిలుము పట్టిన ఎర్తులు, వదులైన సాకెట్లు, అరిగిన స్విచ్చి ఆ వోల్టేజిని తినేస్తాయి. ఇంజనుకు, ఛాసిస్‌కు, బాడీకి మధ్య ఉండే ఎర్తు పట్టీలు విప్పి, ఎమరీ పేపరుతో మెరిసేలా రుద్ది, మళ్లీ బిగించి, పైన కాస్త వ్యాసలైన్ రాయండి. చాలా బళ్లకు అక్కడే సగం వెలుగు తిరిగి వస్తుంది.

తర్వాత హెడ్‌లైట్లకు రిలేలు, అంటే చిన్న కరెంటు అందగానే పెద్ద కరెంటును కలిపే స్విచ్చిలు. లో బీముకు ఒకటి, హై బీముకు ఒకటి. రిలే మీద అంకెలు ఉంటాయి: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా వచ్చే వైరు, 87 నుంచి బల్బుకు, 86కి పాత స్విచ్చి వైరు, 85కి ఎర్తు. బల్బులు 60/55 వాట్లవే ఉంచండి. 100 వాట్లవి వేస్తే హోల్డరు, అద్దం వెనకున్న రిఫ్లెక్టరు కాలిపోతాయి, ఎదుటివాళ్లకూ కళ్లు కనబడవు.

ఫ్యూజు కాపాడేది వైరును. అందుకే అది బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. మ్యూజిక్ సిస్టం పక్కన ఫ్యూజు ఉంది కదా అని వదిలేస్తే, మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు ఆపేది ఏదీ ఉండదు. ఇంటి వైరింగుకు వాడే గట్టి తీగ వద్దు, అదురుకు విరుగుతుంది. సన్నటి పోగులున్న ఆటో వైరు తీసుకోండి. ఇంజను గది నుంచి లోపలికి వచ్చే ప్రతి చోటా రబ్బరు గ్రామెట్ (రేకు అంచు వైరును కోయకుండా రంధ్రంలో పెట్టే రింగు) ఉండాలి.

మ్యూజిక్ సిస్టంలో సాధారణంగా పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే చోటికి, ఎరుపు తాళం తిప్పితే కరెంటు వచ్చే చోటికి, నలుపు ఎర్తుకు. పసుపు, ఎరుపు రెండూ ఎప్పుడూ కరెంటు ఉండే చోటే కలిపేస్తే బ్యాటరీ మెల్లగా ఖాళీ అవుతుంది. అన్నీ అయ్యాక తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ టెర్మినలుకూ మధ్య మీటరు పెట్టి చూడండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఎక్కడో కారుతున్నట్టు. మీటరు అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు.

మామిడితోట

ఫ్యూజు గారూ, బాడీ ఎర్తు బోల్టు పచ్చగా చిలుము పట్టి ఉంది. రుద్ది బిగించగానే లైట్ల తేడా కంటికే తెలిసింది. రిలేల సామాను సికింద్రాబాద్ రాణీగంజ్ నుంచి మా బావమరిది తెస్తున్నాడు. పైకప్పు గుడ్డ సంగతి ఎవరైనా చెప్పండి. మధ్యలో జారి తలకు తగులుతోంది.

డాలస్ ట్రక్కు (టెక్సస్)

నా దగ్గర 2004 షెవర్లే సిల్వరాడో ఉంది. ఇక్కడి ఎండకూ పైకప్పు గుడ్డలు ఇలాగే జారతాయి. గుడ్డ వెనక పలచటి ఫోము ఉంటుంది, ఏళ్లు గడిచాక అది పిండిపిండిగా రాలిపోతుంది. గుడ్డను మళ్లీ పైకి నొక్కి అతికిస్తే నిలవదు, ఎందుకంటే జిగురు ఆ పిండికి అంటుకుంటుంది. పైకప్పు బోర్డును బయటికి తీసి, మెత్తటి బ్రష్షుతో పాత ఫోమంతా రాలగొట్టాలి. ఎండ వేడికి నిలిచే కాంటాక్టు జిగురే కొనాలి. బోర్డుకూ గుడ్డకూ రెండింటికీ కొట్టి, తడి ఆరి చేతికి అంటీ అంటనట్టు అయ్యాక మధ్య నుంచి అంచులకు తోసుకుంటూ పోవాలి.

మీటర్ల ముళ్లు సరిగా కదులుతున్నాయా? 2003 నుంచి 2006 వరకు వచ్చిన సిల్వరాడోల మీటర్లలో స్టెప్పర్ మోటార్లు (ముళ్లను తిప్పే చిన్న మోటార్లు) పాడవడం ఇక్కడ అందరికీ తెలిసిన సంగతి. బోర్డు విప్పి, పాతవి ఊడదీసి, కొత్తవి టంకం వేసుకుంటారు. నేను అలాగే చేసుకున్నాను. మీ బండిలో ముల్లు తడబడితే మీటరు కొనే ముందు దాని వెనక సాకెట్టు, ఎర్తు చూడండి.

సూదీదారం (గుంటూరు)

మాది సీటు కవర్ల షాపు. మామిడితోట గారూ, సీటు పని ఇంట్లో చేసుకోవచ్చు, కుట్టు ఒక్కటి మాత్రం మామూలు ఇంటి మిషనుతో కాదు. రెండు పొరల రెక్సిన్, మధ్యలో ఫోము, పైపింగు దాటాలంటే పాదంతో పాటు గుడ్డను ముందుకు నడిపే పెద్ద మిషను కావాలి.

ముందు సీటు ఫ్రేము చూడండి. విరిగిన స్ప్రింగు ఉంటే ఎన్ని కవర్లు మార్చినా అదే బాధ. స్ప్రింగుల మీద నేరుగా ఫోము పెట్టకండి, తీగలు కోసేస్తాయి. మందపాటి ఫెల్టు లేదా గోనెగుడ్డ పరిచి, దాని మీద ఒక అంగుళం రీబాండెడ్ ఫోము (ఫోము తుంపులను నొక్కి అతికించిన గట్టి రకం), ఆ పైన 40 డెన్సిటీ ఫోము. సోఫాలకు వాడే తక్కువ డెన్సిటీది చేతితో నొక్కితే హాయిగా ఉంటుంది కానీ పొలం దారుల్లో ఏడాది తిరగకముందే అణుగుతుంది. సీటు ముందు అంచు కాస్త ఎత్తుగా, గుండ్రంగా రావాలి. అక్కడ గట్టి అంచు ఉంటే ఎక్కువసేపు నడిపాక కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

పాత కవరు కుట్లు జాగ్రత్తగా విప్పి, ప్రతి ముక్క వెనక పెన్నుతో గుర్తులు వేయండి: ఏది ముందు, ఏది ఎడమ, ఏది దేనికి కలుస్తుంది. అవే మీకు నమూనాలు. కొత్త ముక్కలు ఎంత మందం ఫోము పెడుతున్నారో దాన్ని బట్టి కొంచెం బిగువుగా కోయాలి, వదులుగా కోస్తే ముడతలు. దారం బాండెడ్ నైలాన్ లేదా పాలిస్టరు, నూలు దారం చెమటకు చివికిపోతుంది. అంగుళానికి అయిదారు కుట్లు చాలు. దగ్గరగా కుడితే రెక్సిన్ ఆ గీత వెంబడే చిరుగుతుంది.

మొత్తం రెక్సిన్ వేస్తే మే నెలలో వీపు కాలుతుంది. కూర్చునే చోట, వీపు ఆనే చోట గట్టి గుడ్డ, పక్కలకు, వెనక్కి రెక్సిన్ వేయించుకోండి. మట్టి పనులకు గుడ్డ ఆగదని భయపడితే పైన ఊడదీసి ఉతుక్కునే తొడుగు ఒకటి కుట్టించండి.

మామిడితోట

అక్కా, ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. ముక్కలు నేనే కోసి మీ దగ్గరికి తెచ్చి కుట్టించుకుంటాను. వెనక బెంచీకి సీటుబెల్టులు కనిపించడం లేదు. పిల్లల కోసం బిగించవచ్చా?

ఫిట్‌నెస్ (వరంగల్)

బెంచీ ఎత్తి నేల మీద, పక్క స్తంభం ప్లాస్టిక్ తీసి లోపల చూడండి. కంపెనీ వేసిన మరల రంధ్రాలు, వెనక దళసరి ప్లేటు ఉంటే బెల్టులు బిగించుకోవచ్చు. వాటికి వాడేది 7/16 అంగుళాల యూఎన్‌ఎఫ్ మర (అంగుళాల కొలతలో సన్నటి మర) ఉన్న హైటెన్సైల్, అంటే ఎక్కువ బలం గల బోల్టు. షాపులో దొరికే మామూలు బోల్టు అందులో తోయకండి. అలాంటి రంధ్రాలు లేకపోతే ఒట్టి రేకుకు డ్రిల్లు వేసి బెల్టు కట్టడం ప్రమాదం, గుద్దుకున్నప్పుడు రేకుతో సహా ఊడి వస్తుంది. సర్వీసు సెంటరులో అడగండి.

మా కుటుంబానిది సరుకు రవాణా వ్యాపారం, చట్టం గురించి కూడా రెండు మాటలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణలో యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పెట్టారు. సీటు ఫోము, మ్యాటు, గుడ్డ మార్చుకుంటే ఇబ్బంది ఉండదు. సీట్ల సంఖ్య పెంచడం, క్యాబిన్ వెనక గోడ కోయడం, తొట్టి పొడవు మార్చడం జోలికి పోకండి. ముందు ఇనుప క్రాష్‌గార్డు ఉంటే తీసేయండి, 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. ట్రాన్స్‌పోర్టు బండిగా రిజిస్టరయి ఉంటే ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. ఎల్‌ఈడీ బార్లు అక్కడే మొదట పట్టుకుంటారు. తోటలో రాత్రి పనికి లైటు కావాలంటే పట్టుకుని తిరిగే రీచార్జి లైటు మేలు.

మామిడితోట

ఎల్‌ఈడీలు మానుకుంటున్నాను. క్రాష్‌గార్డు ఉంది, ఈ వారమే తీస్తాను. వెనక నేల మీద ప్లేటుతో సహా మరల రంధ్రాలు కనిపించాయి.

గేరు రాడ్

డ్యాష్‌బోర్డు పగుళ్లకు: ముక్క వెనక తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో ఏబీఎస్ అనో పీపీ అనో ప్లాస్టిక్ రకం అచ్చు ఉంటుంది. ఏబీఎస్ అయితే అదే రకం ప్లాస్టిక్ తుంపులను అసిటోన్‌లో కరిగించి, ఆ ముద్దను వెనక నుంచి పగులులో నింపితే ఒకే ముక్కగా కలిసిపోతుంది. పీపీ అసిటోన్‌కు కరగదు. దానికి టంకం వేసే వేడి కడ్డీతో సన్నటి స్టీలు జాలి వెనక పొదిగి అతకాలి. రెండింటికీ పగులు చివర ముందు చిన్న రంధ్రం వేస్తే అది ముందుకు సాగదు.

ఆగిపోయే అద్దం సంగతి: మోటారు, రెగ్యులేటరు (అద్దాన్ని ఎత్తి దించే యంత్రం) మార్చే ముందు అద్దం జారే గాడిలోని ఫెల్టు చూడండి. మట్టి పట్టి బిగుసుకుని ఉంటుంది. కడిగి ఆరబెట్టి సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు పెడితే దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది.

మామిడితోట

ఫెల్టు కడిగాక అద్దం పూర్తిగా పైకి వచ్చింది. నేల వెల్డింగు అయింది, ప్రైమరు, సీలెంటు వేశాను. ఇక చప్పుడు తగ్గించే షీట్లు వేయాలా? ఇళ్ల పైకప్పులకు వేసే తారు షీటు చవకగా దొరుకుతోంది. వినైల్ మ్యాటును నేలకు జిగురుతో అతికించాలా?

రెడ్ ఆక్సైడ్

తారు షీటు వద్దు. మన ఎండకు అది మెత్తబడి జారుతుంది, క్యాబినంతా వాసన పట్టుకుంటుంది. 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ షీటు, పైన అల్యూమినియం రేకు ఉన్నది తీసుకోండి. నేలంతా కప్పనక్కరలేదు. రేకును వేలితో తట్టి, డొల్లగా మోగే చోట మధ్యలో నాలుగో వంతు మేర అతికిస్తే ఆ మోత చచ్చిపోతుంది. అతుకుల మీద, నీళ్లు పోయే రబ్బరు మూతల మీద వేయకండి. దాని మీద నీరు తాగని మూసిన గుళ్ల ఫోము, ఆ పైన మ్యాటు. పాత ఫెల్టు మళ్లీ పెట్టకండి.

మ్యాటుకు జిగురు అస్సలు వద్దు. తలుపుల దగ్గరి పట్టీలు, సీటు బోల్టులు, గేరు రాడ్ బూటు చుట్టూ ఉండే ఫ్రేము దాన్ని పట్టి ఉంచుతాయి. ముందు ఎండలో కాసేపు పరిస్తే మెత్తబడి మడతలకు ఒదుగుతుంది. సీటు బోల్టుల రంధ్రాలు కత్తితో కోయకుండా వేడి చేసిన మేకుతో పొడవండి, అంచు చిరగదు. పట్టీ స్క్రూలు తిప్పితే చాలు, ఎప్పుడైనా మ్యాటు ఎత్తి కింద చేయి పెట్టి చూసుకోగలగాలి. తొలి పెద్ద వాన పడిన మర్నాడు ఆ కుడి మూల ఒకసారి తడిమి చూసి ఇక్కడ రాయండి.